పదిహేడో కిలోమీటరు

ఆ వాతావరణ కేంద్రంలో బెలూన్ ఎగరేసే రోజు బుధవారం. ఇరవై ఆరేళ్లుగా అంతే. వాన కురుస్తున్నా, గోడలకు సున్నం వేస్తున్నా, బుధవారం పొద్దున పది గంటలకు ఒక తెల్లటి రబ్బరు బెలూన్, దాని కింద తాడుకు వేలాడుతూ చెప్పుల పెట్టెంత డబ్బా, పైకి వెళ్లాల్సిందే. ఆ డబ్బాలోని పరికరం దారిపొడవునా చలి ఎంతుంది, తేమ ఎంతుంది, ఓజోన్ ఎంతుంది అని కిందికి కబుర్లు పంపుతూ పోతుంది. ముప్పై కిలోమీటర్లు దాటాక బెలూన్ ఉబ్బి ఉబ్బి పగిలిపోతుంది. పగలడం దాని తప్పు కాదు, దాని ఉద్యోగమే అది. ఎంత పైన పగిలిందన్నదే లెక్క.

అలాంటిది నాలుగు వారాలుగా బెలూన్లన్నీ పదిహేడో కిలోమీటరు దగ్గరే ఠప్పుమంటున్నాయి.

కేంద్రం ఇన్‌చార్జి మేడమ్‌కు ఇది తల కొట్టేసినంత పనయింది. ఆవిడ ఇక్కడికి వచ్చి మూడు నెలలు కాలేదు. ఈ కేంద్రం నుంచి బదిలీ చేయించుకోవడానికి పైరవీలు చేసేవాళ్లున్నారు గానీ, ఇక్కడికి రావడానికి చేసినవాళ్లు ఆవిడకు ముందు లేరు. ప్రధాన కార్యాలయంలో గుమాస్తా ఆవిడ అర్జీని రెండుసార్లు చదివి, ఆవిడను రెండుసార్లు ఎగాదిగా చూసి, ఏదో తేడా ఉందనుకునే సంతకానికి పంపాడు. తేడా ఏమీ లేదు. చదువుకునే రోజుల్లో ఆవిడ ఈ కేంద్రం పంపిన ఓజోన్ అంకెల మీదే పరిశోధన చేసింది. ఒక్క బుధవారం కూడా తప్పకుండా ఇన్నేళ్ల వరుస. ఆ అంకెలను చూసి చూసి, ఊరు చూడకముందే ఊరి మీద మనసు పారేసుకుంది.

ఇప్పుడా వరుస తెగేలా ఉంది, అదీ తన హయాంలో.

సోమవారం ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అందులో మర్యాదలు పైన రెండు లైన్లు, కింద రెండు లైన్లు. మధ్యలో అసలు సంగతి: ఈ బుధవారం కూడా బెలూన్ ముప్పై కిలోమీటర్లు దాటకపోతే ఓజోన్ పరికరాలను మరో కేంద్రానికి తరలిస్తారు. ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని మేడమ్ ఇంటికి నడిచింది. దారిలో ఎదురైన ఇద్దరు పలకరిస్తే ఇద్దరికీ "ఆఁ, బాగున్నా" అని చెప్పింది. వాళ్లు అడిగింది టైమెంతయిందని.

ఇంట్లో ఉండేది అత్తగారు, తనూ. భర్త ఓడ మీద ఇంజనీరు, ఆర్నెల్లకోసారి వస్తాడు. అత్తగారు నలభై ఏళ్లు దర్జీపని చేసి, కళ్లు మసకబారాక మిషన్‌కు ముసుగు వేసిన మనిషి. మిషన్‌కు వేసింది గానీ నోటికి వేయలేదు. కోడలు చెప్పులు విడవకముందే అడిగింది.

"ఇవాళ సోమవారం. బుడగ లేని రోజు. మరి మొహం అలా వేలాడేశావేం?"

కోడలు ఉత్తరం సంగతి చెప్పింది.

"అసలు ఆ పదిహేడు దగ్గర ఏముందమ్మాయ్? గోడేమైనా కట్టారా?"

"గోడ కాదత్తయ్యా, చలి. మనం ఉండేది అన్నిటికన్నా కింది పొరలో. మబ్బులు, వానలు, మన పోట్లాటలు అన్నీ ఇందులోనే. పైకి పోయేకొద్దీ చలి ముదురుతుంది. మన నెత్తిమీద పదిహేడు కిలోమీటర్ల దగ్గర సున్నాకు ఎనభై డిగ్రీలు కిందికి పోతుంది. ఈ పొరకు అదే చివర. అది దాటితే రెండో పొర. అక్కడినుంచి మళ్లీ వెచ్చబడుతూ పోతుంది."

"పైకి పోతూ ఉంటే వెచ్చబడటమేంటి, విడ్డూరం కాకపోతే?"

"అక్కడ ఓజోన్ ఉంది కదా. ఎండలో మనల్ని కాల్చే కిరణాలుంటాయి చూడు, వాటిని పట్టి మింగేస్తుంది. ఆ వేడికి ఆ పొర వెచ్చబడుతుంది. పైన ఆ పని జరగబట్టే కింద మనం తోలు ఊడకుండా తిరుగుతున్నాం."

"అంత పని చేస్తుందంటే బోలెడంత ఉండుంటుంది."

"అదే తమాషా. గాలిలో నూటికి డెబ్భై ఎనిమిది పాళ్లు నైట్రోజన్, ఇరవై ఒకటి ఆక్సిజన్. మిగిలిన ఒక్క పాలులో ఆర్గాన్, ఇంకా చిల్లరా మల్లరా. ఓజోన్ అయితే, బాగా ఉన్నచోట కూడా పది లక్షల అణువుల్లో పదికి మించదు."

అత్తగారు ముసుగు వేసిన మిషన్ వైపు చూసింది. "మిషన్‌లో నూనె కూడా అంతే. రెండు చుక్కలు. అది లేనిరోజు తెలుస్తుంది దాని సంగతి." తర్వాత కోడలి వైపు తిరిగింది. "సరే, మీ బుడగ ఆ చలి గుమ్మం దాకా వెళ్లి ఎందుకు చస్తోంది? ఆ ఆఫీసులో అందరికన్నా పాతకాపు ఎవరు?"

"గ్యాస్ నింపే పెద్దాయన. మొదటి బెలూన్ నుంచీ ఆయనే."

"ఆయన్ని అడిగావా?"

మేడమ్ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. దానికో కథ ఉంది.

గ్యాస్ గది ఉద్యోగిని అందరూ బాబాయి అనే పిలుస్తారు. మేడమ్ మాత్రం, ఆఫీసులో వరసలేమిటని, మీరు అనేది, అంతే. వచ్చిన కొత్తల్లో ఒక మంగళవారం సాయంత్రం ఆవిడ భవనం వెనకున్న బాయిలర్ గదిలోకి తొంగిచూసింది. గోడవారగా బల్లమీద ఒక పాత బొంత, దాని కింద ఏదో మూట. ఎత్తి చూస్తే బెలూన్. ఆవిడకు ఒళ్లు మండింది. బెలూన్ల పెట్టె మీద పెద్దక్షరాలతో రాసి ఉంది, చల్లటి చీకటి చోట ఉంచాలని. ఇక్కడ చూస్తే సలసలా కాగే నీళ్ల పక్కన, ఎవరి ఇంటిదో తెలియని బొంత కింద. బాబాయి ఏదో చెప్పబోయాడు. ఈలోగా ఫోను మోగింది. ఫోను పెట్టేసేసరికి ఆవిడ వేళ్లు టైపు చేయడం మొదలుపెట్టాయి. ఉత్తర్వు నంబరు ఏడు: బాయిలర్ గదిలో బెలూన్లు గానీ ఇతర సామాన్లు గానీ ఉంచరాదు. పెట్టెలన్నీ కంప్యూటర్లున్న ఏసీ గదిలోకి మారాయి. బాబాయి బొంత మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మొదటి బెలూన్ పదిహేడు దగ్గర పగిలితే, నివేదికలో కారణం రాయాల్సిన చోట ఆవిడ "ముడి సరిగా కట్టలేదు" అని రాసింది. ముడి కట్టేది బాబాయి. రెండోసారీ అదే రాసింది. మూడు, నాలుగు కూడా. వేరే కారణం తోచలేదు, ఖాళీగా వదిలేస్తే బాగుండదు. ఆ నివేదికల నకళ్లు నోటీసు బోర్డుకు గుచ్చుతారు. బాబాయి వాటిని కళ్లజోడు పెట్టుకుని మరీ చదివేవాడు. చదివి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, గ్యాస్ గదికి వెళ్లిపోయేవాడు.

మంగళవారం మేడమ్ కేంద్రంలో తిరగని మూల లేదు. తాడును పరీక్షించింది, బాగానే ఉంది. బెలూన్ల తేదీ చూసింది, కాస్త పాతవే గానీ ఎగరకూడనంత పాతవి కావు. పైగా అంతకుముందు బాగా ఎగిరినవీ ఆ పెట్టెలవే. ఇక మిగిలింది గ్యాస్. ఎక్కువ నింపేస్తున్నారేమో అనుకుని గ్యాస్ గది రిజిస్టర్ తెప్పించింది. కంప్యూటర్లు వచ్చాక ఆ అట్టల పుస్తకం బాబాయి తప్ప ఎవరూ ముట్టుకోలేదు. తేదీ, సిలిండరు నంబరు, ఎంత నింపారు, ఎన్నింటికి వదిలారు. అంకెలన్నీ గుండ్రంగా, ఒద్దికగా ఉన్నాయి. ఎక్కడా ఎక్కువ నింపింది లేదు.

పుస్తకం మూసేయబోతూ ఆవిడ చివరి గడి చూసింది. "ఇతర విషయాలు" అని పేరు. మామూలుగా ఏ ఆఫీసులోనూ ఎవరూ ఏమీ రాయని గడి అది. బాబాయి రాశాడు. ప్రతి మంగళవారం ఒకటే మాట: బొంత వేశా. ప్రతి బుధవారం: బొంత తీశా. పేజీ తిప్పింది. బొంత వేశా, బొంత తీశా. పాత రిజిస్టర్లు బీరువాలోంచి దింపించింది. వాటిలోనూ అదే. సిరా రంగు మారింది, పెన్ను మారింది, మాట మారలేదు.

నాలుగు వారాల కిందట ఆ గడి ఒక్కసారిగా ఖాళీ అయింది. ఖాళీ అయిన రోజుకూ ఉత్తర్వు నంబరు ఏడు తేదీకీ మధ్య ఒక్క రోజు తేడా. ఆ తర్వాత ఎగిరిన నాలుగు బెలూన్లే పగిలిపోయిన నాలుగూ.

రబ్బరు సంగతి మేడమ్‌కు తెలియనిది కాదు. చలికి బిగుసుకుంటుంది, వెచ్చదనానికి సాగుతుంది. పెట్టె మీద రాసింది నిలవ ఉంచడానికి. ఎగరబోయే ముందు రోజు ఏం చేయాలో పెట్టె మీద లేదు. ఏసీ గదిలో బిగుసుకుపోయిన రబ్బరును తీసుకెళ్లి ఎనభై డిగ్రీల చలిలోకి నెడుతోంది తను. నెట్టి, ముడి మీద నింద వేస్తోంది. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి పైకే అనేసింది, "ఎంత పని చేశానే తల్లీ" అని.

అప్పటికే నాలుగున్నరయింది. బాబాయి డ్యూటీ నాలుగింటికే అయిపోతుంది. ఆయన ఇల్లు కేంద్రం వెనక క్వార్టర్ల వరసలో ఆఖరిది. ఎండ ఇంకా గోడల మీదే ఉంది. తలుపు తీసింది బాబాయి భార్య. చేతిలో సూది, నోట్లో దారం. మేడమ్‌ను చూసి దారం తీసేసి, లోపలికి కేక వేసింది.

"ఏవండీ, మీ మేడమ్ గారొచ్చారు. ముడి సరిగా వేసుకుని రండి, లుంగీకి."

మేడమ్ తల దించుకుంది. ఆ ఇంట్లో నోటీసు బోర్డు సంగతులన్నీ తెలుసన్నమాట. తల దించుకుంటే కుర్చీ కనిపించింది. కుర్చీ మీద మడత పెట్టిన బొంత కనిపించింది.

"ఆ బొంత..."

"నేను కుట్టిందే. పాత నూలు బట్టలన్నీ ఏరి కుట్టా. నూలుదే కావాలన్నారు, వేరేదైతే నిప్పురవ్వలు లేస్తాయట, గ్యాస్ దగ్గర పనికిరాదట. ఇన్నేళ్లలో నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఈయన ఈ బొంత ఇంటికి తేలేదు. ఏమంటే, రేపు బుధవారం అంటారు. నా సవతికి కుట్టిపెట్టానండీ నేను దాన్ని."

బాబాయి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మేడమూ నిలబడే ఉంది.

"బాబాయి గారూ," అంది. ఆ మాట ఆవిడ నోట మొదటిసారి వచ్చింది. "ఆ రోజు మీరేదో చెప్పబోయారు. నేను వినలేదు. ఇప్పుడు చెప్పండి."

ఆయన గోడకేసి చూస్తూ చెప్పాడు. "ఏముందండీ చెప్పడానికి. మొదట్లో ఇలాగే పగిలేవి, ఆ చలి దగ్గరే. పగలని రోజు ఏం చేశామా అని చూసుకుంటే, ముందురోజు బెలూన్ వెచ్చగా ఉన్నచోట పెట్టామని తేలింది. అప్పటి సారు వేడినీళ్లలో ముంచుదామన్నారు. ముంచితే తడి ఆరదు. బాయిలర్ పక్కన పెడితే ఒకవైపే కాగేది. బొంత చుడితే అన్నివైపులా ఒకే వెచ్చదనం పడుతుంది. అంతే."

"మరి నాలుగు వారాలు ఎందుకు చెప్పలేదు?"

"మొదటిది పగిలినప్పుడే తెలిసిపోయింది. సాయంత్రం వచ్చి చెబుదామనుకున్నా. వస్తే బోర్డు మీద ముడి అని రాసుంది. ఇరవై ఆరేళ్లలో నా ముడి ఒక్కటీ ఊడలేదు మేడమ్. రోషం వచ్చింది. చెప్పకపోవడం నాదీ తప్పే. పగిలిన ప్రతిసారీ నాకు అన్నం సహించలేదు."

"అబద్ధం," అంది భార్య సూదిలో దారం ఎక్కిస్తూ. "తిన్నారు. తిని తిట్టుకున్నారు."

మేడమ్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కడే, ఆ కుర్చీ పక్కనే, సంచిలోంచి కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. రాసింది బాబాయికి చదివి వినిపించింది. గత నాలుగు నివేదికల్లో ముడి గురించి రాసింది నిజం కాదు. కారణం ఇన్‌చార్జి జారీ చేసిన ఉత్తర్వు నంబరు ఏడు. పూర్తి బాధ్యత ఇన్‌చార్జిది.

"ఇప్పుడే పంపించకండి," అన్నాడు బాబాయి కంగారుగా. "రేపు ఎగిరాక చూద్దాం. ఇది పంపితే మీ సర్వీసు పుస్తకంలో మచ్చ పడుతుంది."

"పడనివ్వండి. రేపు ఎగిరినా ఎగరకపోయినా మీ ముడి మంచిదే కదా. నాలుగు మచ్చలు మీకు పూసి, నాకు ఒకటి పడుతుందని లెక్క చూసుకుంటే ఏం బాగుంటుంది?"

భార్య లేచి బొంత తీసి ఆయన చేతిలో పెట్టింది. "వెళ్లండి. సవతికి చలేస్తోందట."

చీకటి పడకముందే బెలూన్ ఏసీ గదిలోంచి బాయిలర్ గదికి చేరింది. మేడమ్ ఉత్తర్వు నంబరు ఏడు బోర్డు మీదినుంచి పీకింది, సవరణ నివేదిక ప్రధాన కార్యాలయానికి పంపింది. పంపే బొత్తాం నొక్కే ముందు సర్వీసు పుస్తకం సంగతి ఒకసారి గుర్తొచ్చింది. ఆవిడేం దేవత కాదు.

బుధవారం పొద్దున ఆకాశం తేటగా ఉంది. మేడమ్ ఓజోన్ పరికరంలో మందునీళ్లు పోసి, బొటనవేలంత పంపును తిప్పిచూసి, డబ్బా మూసింది. గ్యాస్ గది భవనానికి వంద అడుగుల దూరంలో విడిగా ఉంటుంది. అందులోకి వెళ్లేవాళ్లు నూలు బట్టలే కట్టుకోవాలి, ఒంటిమీద లోహం ఉండకూడదు. బాబాయి బొంత విప్పి బెలూన్ తీశాడు. ఆవిడ ముట్టుకుని చూసింది. మెత్తగా, ఒంటి వెచ్చదనంతో ఉంది. ఏసీ గదిలోంచి తీసినప్పుడు ఎప్పుడూ అలా లేదు. హైడ్రోజన్ నిండుతుంటే బెలూన్ మెల్లగా లేచి నిలబడింది. బాబాయి ముడి కట్టాడు. మూడు చుట్లు, మడత, మళ్లీ రెండు చుట్లు. కట్టి, మేడమ్ వైపు చూశాడు.

"లాగి చూస్తారా?"

"అక్కర్లేదు," అంది ఆవిడ.

పదింటికి వదిలారు. అది నిమిషానికి మూడు వందల మీటర్ల చొప్పున ఎక్కుతుంది. లోపల తెర ముందు మేడమ్ కూర్చుంది, వెనక బాబాయి నిలబడ్డాడు. ఇద్దరూ గంటసేపు ఏమీ చేయలేక ఊరికే ఉన్నారు. అయిదు కిలోమీటర్లు, సున్నాకు కాస్త కింద. పది కిలోమీటర్లు, ముప్పై అయిదు కింద. పధ్నాలుగు, అరవై ఎనిమిది కింద. ఇంటినుంచి అత్తగారు ఫోను చేసింది.

"గుమ్మం దాటిందా?"

"ఇంకా లేదత్తయ్యా."

"అయితే పెట్టేయ్. మళ్లీ చేస్తా."

పదహారు. పదహారున్నర. చలి గీత ఎనభై ఒకటి కిందికి దిగింది. బాబాయి కళ్లజోడు తీసేశాడు. చూడదలచుకోలేదేమో. పదిహేడు అని అంకె వెలిగింది. మేడమ్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. పదిహేడు పాయింటు రెండు. పాయింటు నాలుగు. చలి గీత అలాగే అడ్డంగా సాగింది, సాగి సాగి ఓ చోట కొంచెం, చాలా కొంచెం, పైకి వంగింది. డెబ్భై తొమ్మిది. డెబ్భై ఏడు.

"వెచ్చబడుతోంది బాబాయి గారూ. చూడండి."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. చలి గీత పక్కనే మరో గీత, ఇన్ని వారాలుగా నేలను పట్టుకుని ఉన్న ఓజోన్ గీత, తల ఎత్తడం మొదలుపెట్టింది. ఇరవై దగ్గర లేచింది. ఇరవై అయిదు దగ్గర ఇంకా లేచింది. పుస్తకాల్లో వందలసార్లు చూసిన గీతే, అయినా మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పది లక్షల్లో పది కూడా లేని ఆ కాస్త గాలి, ఎవరూ చూడకపోయినా, తన పని తాను చేసుకుంటూ అక్కడే ఉంది. ఆవిడ వెనక్కి తిరిగి బాబాయిని చూసింది. కేంద్రంలో అందరికన్నా తక్కువ జీతం ఆయనదే.

ముప్పై దాటింది. ఇద్దరిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముప్పై మూడు పాయింటు నాలుగు దగ్గర గీతలు రెండూ ఆగాయి. బెలూన్ పగిలింది, పగలాల్సిన చోట. బాబాయి గట్టిగా ఊపిరి వదిలి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మేడమ్ ముందు ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. పరికరాలు ఇక్కడే ఉంటాయి. ఇన్‌చార్జి తొందరపాటుకు మందలింపు నమోదు చేయడమైనది. బెలూన్‌ను ముందురోజు వెచ్చబెట్టే పద్ధతిని వివరంగా రాసి పంపితే మిగతా కేంద్రాలకూ పంపుతారు. మేడమ్ ఉత్తరమంతా బాబాయికి చదివి వినిపించింది, మందలింపుతో సహా. పద్ధతి ఆయన చెబుతుంటే రాసుకుంది. అడుగున ఆయన చేత సంతకం పెట్టించింది. ఆ సంతకానికి ఆయన అయిదు నిమిషాలు తీసుకున్నాడు.

తర్వాతి మంగళవారం సాయంత్రం బాయిలర్ గదిలో ఆయన బొంతను ఆవిడ చేతికిచ్చాడు.

"నాకింక మూడు నెలల సర్వీసే ఉంది. ఈసారి మీరు కప్పండి."

ఆవిడ కప్పింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పై అధికారిలా చుట్టూ తిరిగి చూశాడు.

"అంచులు లోపలికి దోపండి. అటువైపు కూడా. అలా వదిలేస్తే వెచ్చదనమంతా పోతుంది. ఇరవై ఆరేళ్లలో నేనలా ఒక్కసారి కూడా వదల్లేదు."

"తప్పయిపోయింది," అని మేడమ్ అంచులు మళ్లీ దోపింది. "మరి మూడు నెలల తర్వాత ఈ బొంతను పిన్నిగారు ఇంటికి తెచ్చేయమంటారేమో."

"తనకు కొత్తది కుట్టుకుంటోంది. ఇది ఆఫీసుదేనట. ఇవాళ పొద్దున చెప్పింది."

గ్యాస్ గదికి వెళ్లి ఆయన రిజిస్టర్ తెరిచాడు, చివరి గడి మీద వేలు పెట్టి, పెన్ను ఆవిడకు అందించాడు. ఆవిడ ఆయన గుండ్రటి అక్షరాల కింద, తన గజిబిజి రాతలో, వీలైనంత ఒద్దికగా రాసింది: బొంత వేశా.